గంట కొట్టేవాళ్లు లేని పొద్దు ఎవరిది?



ఏటా జూన్, జూలై నెలలు రాగానే మన ఏజెన్సీ ఊళ్ల నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు బస్సెక్కుతారు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, రంపచోడవరం, పాడేరు, సీతంపేట... ఎక్కడి నుంచైనా సామాను ఒకటే. ఒక బ్యాగు, అందులో సర్టిఫికెట్ల ఫైలు, రెండు మూడు జతల బట్టలు, అమ్మ పెట్టిచ్చిన పచ్చడి సీసా. డిగ్రీకో, ఇంజినీరింగ్‌కో, కోచింగ్‌కో హైదరాబాద్, హనుమకొండ, విశాఖ చేరతారు. వాళ్లలో కొందరు సంక్రాంతికి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లరు. ఎందుకురా అంటే "అటెండెన్స్ లేదంట అన్నా", "స్కాలర్‌షిప్ ఆగింది", "క్లాసు అర్థం కావట్లేదు" అంటారు.

దీని వెనక పెద్ద కారణాలున్నాయి. ఒక్కసారిగా మీదపడే ఇంగ్లీషు మీడియం, డబ్బు, కులం అడిగి మరీ దూరం జరిగే మనుషులు. వాటి మీద మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం, ఇంకా మాట్లాడుకుంటాం. ఈరోజు మాత్రం చిన్నదిగా కనబడే ఒక సంగతి రాస్తున్నాం. పొద్దున లేచాక మొదటి రెండు గంటలు మనం ఏం చేస్తున్నాం?

"తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే కోటీశ్వరులవుతారు" అనే వీడియోల సంగతి కాదిది. నాలుగింటికి లేచేవాళ్లంతా కోటీశ్వరులైతే మన అమ్మలు ఎప్పుడో అయ్యేవాళ్లు. మనం చెప్పేది వేరే. ఊళ్లో మన పొద్దును పని నడిపింది. హాస్టల్లో గంట నడిపింది. పట్నం గదిలో నడిపేవాళ్లు ఎవరూ లేరు. ఆ ఖాళీలోకి ఫోన్ వచ్చి కూర్చుంది. అక్కడ మనదైన ఒక వరస మనమే పెట్టుకోకపోతే చదువు పక్కనుంచి జారిపోతుంది.

ఇది మనకు కొత్త కాదు

"దినచర్య" అనే మాట వినగానే అది పట్నం వాళ్ల వ్యవహారం, యోగా చాప, గ్రీన్ టీ ఉన్నవాళ్ల వ్యవహారం అనిపిస్తుంది. కాదు. తునికాకు సీజన్ ఒకసారి గుర్తు చేసుకోండి. ఎండాకాలంలో ఇంకా చీకటి ఉండగానే ఊరు లేస్తుంది. ముందురోజు రాత్రే గుడ్డ మూట, నీళ్ల బాటిల్ లేదా సొరకాయ బుర్ర, జావ గిన్నె సిద్ధం. ఎండ ముదరకముందే అడవిలోకి వెళ్లి ఆకు కోసుకుని రావాలి. ఇంటికొచ్చి నీడన కూర్చుని యాభై ఆకులకో కట్ట కట్టాలి. సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలి. ఏ పని తర్వాత ఏ పని అనేది ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. ఒక్క పని ఆలస్యమైతే ఆ రోజు కూలి తగ్గుతుంది, అంతే.

ఇప్పపూల కాలమూ అంతే. పూలు తెల్లవారుజామున రాలతాయి. పశువులు, అడవి జంతువులు తినేయకముందు, ఎండకు వాడిపోకముందు ఏరుకోవాలి. ఎనిమిదింటికి తీరిగ్గా వెళ్తే చెట్టు కింద ఏముంటుంది?

మన ఇళ్లలో పొద్దుకు ఒక పద్ధతి ఎప్పుడూ ఉంది. దాన్ని ఎవరూ క్రమశిక్షణ అని పిలవలేదు. "గిరిజన పిల్లలకు టైమ్ సెన్స్ ఉండదు" అని స్టాఫ్ రూముల్లో, ఆఫీసుల్లో అనే మాట మనలో చాలామంది విన్నదే. ఆ మాట తప్పు. అడవిలో మన టైమ్‌కు ఒక అర్థం ఉంది, ఒక ఫలితం ఉంది. పట్నం గదిలో ఆ అర్థం తెగిపోయింది. తెగినదాన్ని మళ్లీ కట్టుకోవాలి, అంతేగానీ లేనిదాన్ని ఎవరి దగ్గరో అరువు తెచ్చుకోవడం కాదు.

గంట నేర్పింది, నేర్పనిది

ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో చదివినవాళ్లకు ఆ గంట చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంటుంది. ఐదింటికి గంట. లేవకపోతే పీఈటీ సార్ కేక. తర్వాత గ్రౌండ్, స్నానాల లైను, స్టడీ అవర్, టిఫిన్ లైను, ప్రేయర్. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడెనిమిదేళ్లు ఇలాగే. ఆ గంట మనకు మేలు చేసింది, అది కాదనలేం. చదువుకునే అలవాటు దాని నుంచే వచ్చింది.

కానీ ఆ గంట ఒక పని నేర్పలేదు. ఎందుకు లేవాలో, ఎప్పుడు లేవాలో మనంతట మనం తేల్చుకోవడం నేర్పలేదు. గంట వినపడితే లేచాం. అందుకే గంట లేని గదిలోకి వెళ్లగానే చాలామందికి ఒక్కసారి కట్లు తెంపినట్టు ఉంటుంది. మొదటి నెల హాయిగా ఉంటుంది. "ఇన్నేళ్లు ఐదింటికి లేచాం, ఇప్పుడైనా పడుకోనీ" అనిపిస్తుంది. అందులో తప్పు లేదు కూడా. మూడో నెలకి పడుకునే టైమ్ రాత్రి రెండైతే, లేచే టైమ్ తొమ్మిదిన్నర. అప్పుడు మొదలవుతుంది అసలు లెక్క.

ఒక్క పీరియడ్ లెక్క

ఆ లెక్క ఇక్కడే చూద్దాం. నెలకు 24 పనిదినాలు, రోజుకు 6 పీరియడ్లు అనుకోండి. మొత్తం 144. రోజూ మొదటి పీరియడ్ ఒక్కటే పోతుంది, మిగతావన్నీ వింటున్నాం. హాజరు 120, అంటే 83 శాతం. "పర్లేదు, బానే ఉంది" అనిపిస్తుంది. అదే నెలలో జ్వరమొచ్చి రెండు రోజులు వెళ్లలేదు. 110కి దిగింది, 76 శాతం. ఊళ్లో పండగకో, చావుకో, పెళ్లికో ఇంకొక్క రోజు వెళ్లాం. 105. శాతం 73కి పడిపోయింది.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీల్లో పరీక్ష రాయడానికీ 75 కావాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి మినహాయింపు అడుక్కోవాలి. 65 దాటకపోతే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. పండగకి వెళ్లడం మనకు తప్పదు, చావుకి వెళ్లకుండా ఉండలేం, జ్వరం చెప్పి రాదు. మన చేతిలో ఉన్నది ఆ మొదటి పీరియడ్ ఒక్కటే. అది పోగొట్టుకుంటే మిగతా అవసరాలకు చోటు ఉండదు.

ఇంకోటి. మన రాష్ట్రాల్లో ఇంటర్ పరీక్షలు ఉదయం తొమ్మిదింటికి మొదలవుతాయి. పోటీ పరీక్షల్లో కూడా కొన్ని పొద్దున పూటే ఉంటాయి. ఏడాదంతా రాత్రి ఒంటిగంటకు బాగా పనిచేసిన బుర్ర ఆ ఒక్క రోజు పొద్దున తొమ్మిదింటికి ఎలా పనిచేస్తుంది? పోలీసు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్నవాళ్లు మనలో ఎంతోమంది. 2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. నోటిఫికేషన్ పడ్డాక నెల రోజులు ఉరికితే వచ్చే ఊపిరి కాదది. కొండలెక్కిన కాళ్లు మనవి, నిజమే. కానీ రెండేళ్లు గదిలో కూర్చుంటే ఏ కాళ్లైనా మొండికేస్తాయి.

ఫోన్ చేతికి మొదటి గంట ఇవ్వొద్దు

మనం ఫోన్‌కు వ్యతిరేకం కాదు. సిగ్నల్ కోసం గుట్టెక్కి క్లాసులు విన్నవాళ్లం మనం. స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్, అమ్మతో మాట్లాడటం, అన్నీ దానిలోనే. ఇబ్బంది ఎక్కడంటే, కళ్లు తెరవగానే అది మన చేతిలోకి వస్తే ఆ రోజు ఏం ఆలోచించాలో అదే తేలుస్తుంది. ఎవరిదో గొడవ, ఎవరిదో డ్యాన్స్, ఎవరో కొన్న బైక్, మన జాతి మీద ఎవడో రాసిన చెత్త మాట. పది నిమిషాలు అనుకున్నది నలభై అవుతుంది. బస్సు పోతుంది. అప్పటికే మనసు అలిసిపోతుంది.

గంట అయినా మన మేలు కోరి మోగేది. ఫోన్‌లో మన చూపును పట్టి ఉంచేవాళ్లకు మన మేలుతో పనిలేదు. మనం ఎంతసేపు చూస్తే వాళ్లకంత ఆదాయం. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు ఒంటరితనం వల్ల చెయ్యి దాని మీదకే పోతుంది, అది మనకు తెలుసు. అందుకే చేతికందే దూరంలో పెట్టుకోవద్దని చెప్పేది. అలారం కావాలంటే చార్జింగ్‌కు గదికి అవతలి గోడ దగ్గర పెట్టండి. లేచి నడిచి ఆపాలి. లేచి నిలబడ్డామంటే సగం పని అయినట్టే.

ముందు నిద్ర, తర్వాతే పొద్దు

కొందరు పెద్దలకు, వార్డెన్లకు ఇక్కడ మన మాట నచ్చకపోవచ్చు. పదో తరగతి పిల్లల్ని పరీక్షల ముందు రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి, మళ్లీ నాలుగింటికే లేపే పద్ధతి మంచిది కాదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతున్నారు. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు. పగలు చదివింది బుర్రలో నిలబడేది నిద్రలోనే. నిద్ర కోసి చదివించడమంటే అడుగున చిల్లు ఉన్న కుండలో నీళ్లు పోయడమే. ఐదింటికి లేపాలంటే తొమ్మిదింటికల్లా లైట్లు తీసేయాలి. పదింటికి తీస్తే ఆరింటికి లేపాలి.

మన ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. అది కణాల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఆ గడియారాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుతురు. అందుకే లేచిన వెంటనే గది తలుపు తీసి బయట పదిహేను నిమిషాలు నిలబడినా, నడిచినా రాత్రి నిద్ర కూడా టైమ్‌కు వస్తుంది. 2015లో పరిశోధకులు టాంజానియాలోని హద్జా, నమీబియాలోని సాన్, బొలీవియాలోని సిమానే జనాల నిద్రను కొలిచారు. కరెంటు వెలుగు లేని ఆ ఊళ్లలో కూడా పొద్దు గూకగానే పడుకోరట. కాసేపు మేలుకుని ఉంటారు, కానీ చాలావరకు తెల్లవారకముందే లేస్తారు. వింటుంటే మన ఊరి సంగతిలాగే ఉంది కదా.

ఇంకో ముఖ్యమైన మాట, సికిల్ సెల్ ఉన్న మన పిల్లల గురించి. ఈ రక్త జబ్బు మన ఆదివాసీ కుటుంబాల్లో ఎక్కువ. అందుకే 2023 జూలైలో కేంద్రం దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గినా, చలి గట్టిగా తగిలినా, ఒళ్లు అలిసిపోయినా భరించలేని నొప్పులు రావచ్చు. ఆదిలాబాద్ చలిలో, చింతపల్లి, లంబసింగి చలిలో ఐదింటికి చన్నీళ్ల స్నానం, ఆపైన గ్రౌండ్‌లో రౌండ్లు... ఇది వాళ్లకు క్రమశిక్షణ కాదు, ప్రమాదం. "బద్ధకం, నాటకాలు" అని ఆ పిల్లల్ని తిట్టొద్దు. వాళ్ల పొద్దు వేరేగా ఉండాలి: లేవగానే నీళ్లు, గోరువెచ్చని స్నానం, వెచ్చటి బట్ట, డాక్టర్ రాసిన మాత్ర మరవకుండా. జ్వరమో, ఛాతీ నొప్పో, ఆయాసమో వస్తే క్లాసు, పరీక్ష చూడకుండా వెంటనే ఆసుపత్రి. ఇంకా పరీక్ష చేయించుకోనివాళ్లు ఒకసారి చేయించుకోండి.

అందరి పొద్దూ ఒకటి కాదు

రాత్రి పన్నెండు, ఒంటిగంట దాకా ఫుడ్ డెలివరీ చేసి గది అద్దె కట్టుకునే తమ్ముడికి "ఐదింటికి లే" అని చెప్పడం అన్యాయం. అతనికి మనం చెప్పేది, టైమ్ కాదు, వరస ముఖ్యం అని. ఎనిమిదింటికి లేచినా సరే, రోజూ ఎనిమిదింటికే లేవాలి. లేచాక పనులు అదే వరసలో జరగాలి. వారం మొత్తం ఒక టైమ్, ఆదివారం మధ్యాహ్నం పన్నెండు అంటే సోమవారం మళ్లీ మొదటికొస్తాం.

ఇంట్లో ఉండి చదువుకునే చెల్లెళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. వాళ్లు లేవక కాదు. లేచినప్పటి నుంచి వాకిలి ఊడవడం, బోరింగ్ దగ్గర నీళ్లు, పొయ్యి, తమ్ముళ్ల స్నానాలు. చదువుకునే గంట ఎక్కడుంది? అన్న మాత్రం మంచంలో పడుకుని వీడియోలు చూస్తూ "చాయ్" అని కేకేస్తాడు. అన్నలూ, మనం మాట్లాడే దినచర్యలో మొదటి పని బిందె పట్టుకోవడం కావాలి. రెండు బిందెలు నువ్వు తెస్తే చెల్లికి అరగంట చదువు దొరుకుతుంది. ఆదివాసీ సమాజంలో ఆడామగా సమానం అని మనం వేదికల మీద గొప్పగా చెప్పుకుంటాం. అది పొద్దున ఆరింటికి బోరింగ్ దగ్గర కనబడాలి.

మరి ఏం చేద్దాం

ఎక్కువ చెప్పం. ఐదు పనులు.

ఒకటి, పొద్దు రాత్రే మొదలవుతుంది. తునికాకుకు వెళ్లే అమ్మ రాత్రే మూట సర్దుకున్నట్టు, రేపటి పుస్తకాలు, బట్టలు, బస్ పాస్, నీళ్ల బాటిల్ రాత్రే పెట్టుకోండి. పొద్దున వెతుక్కోవడంతోనే సగం ఆలస్యం.

రెండు, లేవగానే నీళ్లు, తర్వాత వెలుతురు. గది బయటకు రండి. నడవండి, ఉరకండి, కనీసం డాబా మీద నిలబడండి.

మూడు, ఆ రోజు అన్నిటికంటే కష్టమనిపించే పాఠాన్ని నలభై నిమిషాలు పట్టండి. ఫోన్ ముట్టకముందే. ఇంగ్లీషు భయపెడుతుంటే ఇంగ్లీషే. ఒక పేరా చదివి, దాన్ని మన భాషలో, గోండిలోనో, కోయలోనో, సవరలోనో, కువిలోనో, లంబాడీలోనో మనకు మనమే పైకి చెప్పుకోవాలి. అర్థమైందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. పట్నంలో రోజంతా మన భాష మాట్లాడే అవకాశం ఉండదు. ఆ పది నిమిషాలైనా అది మన నోట్లో ఉంటుంది.

నాలుగు, తిని వెళ్లండి. టిఫిన్‌కు డబ్బులు లేక ఛాయ్ మీద గడిపేవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. రాగి పిండో జొన్న పిండో ఇంటి నుంచి తెచ్చుకుంటే పది నిమిషాల్లో జావ. తక్కువ ఖర్చు, మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది. జావ తాగడం నామోషీ అనుకోవద్దు. ఇప్పుడు అదే జావను పట్నం వాళ్లు మిల్లెట్ పేరుతో ఎక్కువ డబ్బులిచ్చి తాగుతున్నారు.

ఐదు, తప్పితే మళ్లీ పట్టుకోండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2010లో అలవాట్ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక పని తనంతట తాను జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే పడితే, కొందరికి 254 రోజులు పట్టేలా ఉందని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు కూడా. కాబట్టి వారం రోజులు చేసి "మనవల్ల కాదు" అనుకోవద్దు.

ఇది మన ఒక్కరి పని మాత్రమే కాదు

అంతా పిల్లల మీద వేసి చేతులు దులుపుకుంటే అది న్యాయం కాదు. హాస్టల్లో పిల్లలు ఎక్కువ, కుళాయిలు తక్కువ ఉంటే పొద్దు మొత్తం లైన్లోనే పోతుంది. బాత్రూముకు తలుపు లేకపోతే చెల్లెళ్లు చీకట్లోనే లేచి పని ముగించుకోవాలి, అక్కడే వాళ్ల నిద్ర పోతుంది. చలికాలంలో వేడినీళ్లు, చాలినన్ని స్నానాల గదులు, టైమ్‌కు టిఫిన్, నిద్రకు సరిపడా గంటలు. ఇవి అడగడం గొంతెమ్మ కోరిక కాదు. మన సంఘాలు వినతిపత్రం ఇచ్చే ప్రతిసారీ మెస్ చార్జీల పక్కన ఈ నాలుగూ రాయాలి. ఐటీడీఏ ఆఫీసుకు వెళ్లినప్పుడు ఇవి కూడా అడగాలి.

అధికారుల కోసం ఆగకుండా మనం చేయగలిగేదొకటి ఉంది. పట్నంలో ముందే ఉన్న అన్నలు, అక్కలు ఒక్కొక్కరు కొత్తగా వచ్చిన ఒక్కరి బాధ్యత తీసుకోండి. డబ్బులు అక్కర్లేదు. మొదటి రెండు నెలలు పొద్దున ఒక ఫోన్ చేయండి, లేదా తలుపు తట్టండి. "లేచావా తమ్ముడూ, నీళ్లు తాగావా, ఈరోజు మొదటి క్లాసు ఏంటి?" ఈ మూడు మాటలు చాలు. కొత్త ఊళ్లో తనను అడిగే మనిషి ఒకరున్నారని తెలిస్తే సంక్రాంతికి ఇంటికొచ్చిన తమ్ముడు తిరుగు బస్సు ఎక్కుతాడు.

రెండు నెలలయ్యాక ఫోన్ చేయడం ఆపేయండి. అప్పటికి అతను తనే లేస్తుంటాడు. వచ్చే జూన్‌లో ఇంకో తమ్ముడి తలుపు తట్టేది అతనే అవుతాడు.

జోహార్. జై ఆదివాసీ.